ఊరికి వెళ్ళాక రాద్దాంలే!

బహ్రెయిన్‌లో ఉండే తెలుగువాళ్ళలో రాయాలన్న కోరిక ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. మనామా పక్కన మా మహూజ్‌లో ఏదో ఒక వీధి తీసుకోండి. ఒక భవనంలో నలుగురైదుగురు కలిసి అద్దె పంచుకునే ఉద్యోగులు, పక్క భవనంలో కుటుంబాలతో ఉండే అకౌంటెంట్లు, నర్సులు, ఇంజనీర్లు. వాళ్ళలో బడిలో వ్యాసరచన పోటీలో నెగ్గినవారో, కాలేజీ పత్రికలో కవిత అచ్చయినవారో ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. ఇప్పుడెందుకు రాయడం లేదని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు. “ఊరికి వెళ్ళాక రాస్తానండీ. ఎగ్జిట్ కొట్టుకుని, ఇంటి దగ్గర కుదురుగా కూచున్నాక మొదలుపెడతా.”

ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. ఈ అధ్యాయమంతా ఆ పేచీయే. నలభై అయిదులో, యాభై అయిదులో, అరవై దాటాక కూడా మనిషి రచయిత కావచ్చు. ఆ విషయంలో నాకు సందేహం లేదు. మన సాహిత్యంలోనే దానికి సాక్షులున్నారు. కానీ ఊరికి వెళ్ళేదాకా ఆగితే మాత్రం, మీరొక్కరే రాయగలిగిన పుస్తకం చేజారిపోతుంది. గల్ఫ్‌లో ఇరవయ్యేళ్ళు గడిపినవాళ్ళ దగ్గర పడి ఉన్న సరుకు అంత విలువైనది, అంత త్వరగా చెరిగిపోయేది.

ముందుగా ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి చెప్పాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ఆయన దుబాసీ. ఒకరి మాటను మరొకరికి తిప్పి చెప్పే ఉద్యోగం. 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. అప్పటికాయనకు యాభయ్యేళ్ళ ప్రాంతం. రచయిత అన్న పేరు అంతకు ముందు లేదు. దారిలో మజిలీ మజిలీకీ తాను చూసింది రాసుకుంటూ, మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపుతూ వచ్చారు. ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, బాట గట్టిదా బురదా, ఏరు ఎలా దాటాలి, అక్కడి జనం తీరు ఎలాంటిది, అన్నీ అందులో ఉన్నాయి. 1836లో ఆయన కన్నుమూశారు. రెండేళ్ళకు, 1838లో పిళ్ళెగారు దాన్ని కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించారు. కాశీయాత్ర చరిత్ర లేకపోతే ఆనాటి మన దారుల గురించి, సత్రాల గురించి మనకు తెలిసింది ఎంత తక్కువై ఉండేదో ఊహించండి. మద్రాసు వెళ్ళాక తీరిగ్గా రాద్దామని ఆయన అనుకుని ఉంటే, పదిహేను నెలల దారిలో ఏ మజిలీలో బియ్యం దొరికాయో, ఏ మజిలీలో దొరకలేదో ఎవరికి గుర్తుంటుంది?

ఆ పుస్తకం పుట్టిన తీరులో ఇంకో పాఠం కూడా ఉంది. ఆయన లోకం కోసమని రాయలేదు, ఒక స్నేహితుడి కోసం రాశారు. కొత్తగా రాసేవారికి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: మీకూ ఒక శ్రీనివాసపిళ్ళె కావాలి. అక్కయ్య కావచ్చు, చిన్నప్పటి స్నేహితుడు కావచ్చు, పాత తెలుగు మాస్టారు కావచ్చు. ఆ ఒక్క మనిషి ఎదురుగా కూచున్నట్టు రాస్తే భాష దానంతటదే దారిలో పడుతుంది. పాఠకలోకాన్ని ఉద్దేశించి రాయడం మొదలుపెడితే సభలో ఉపన్యాసమై కూచుంటుంది.

ఇక రెండో సాక్షి మనకు మరీ దగ్గరివాడు. మలయాళ రచయిత బెన్యామిన్ బహ్రెయిన్‌లోనే రచయిత అయ్యాడు. 1992లో ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, ఇరవయ్యేళ్ళకు పైగా ఇక్కడే ఉన్నాడు. రాయడం మొదలుపెట్టింది ఇక్కడే. వచ్చేనాటికి కుర్రవాడే గనక వయసు విషయంలో ఆయన్ని ఉదాహరణగా చూపను. కానీ తీరిక, స్థలం, వాతావరణం లేవని సాకు చెప్పేవాళ్ళకు ఆయనకు మించిన సమాధానం లేదు. సౌదీ ఎడారిలో మేకల మందలో చిక్కుకుపోయి బయటపడ్డ నజీబ్ అనే మనిషి కథ బహ్రెయిన్‌లో ఉండగానే ఆయన చెవిన పడింది. ఆ మనిషిని కలిశాడు, కూచుని విన్నాడు, నవలగా రాశాడు. అదే ఆడుజీవితం, 2008లో వచ్చింది. 2009కి కేరళ సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది. 2024లో సినిమా అయింది. గల్ఫ్ వలస గురించి భారతదేశంలో ఎవరు మాట్లాడినా ఇవాళ ఆ పుస్తకం ఊసు రాక తప్పదు.

నజీబ్ లాంటి మనుషులు తెలుగువాళ్ళలో లేరా? జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, సిరిసిల్ల నుంచి, కోనసీమ నుంచి, రాయచోటి నుంచి దశాబ్దాలుగా మనవాళ్ళు గల్ఫ్‌కు వస్తూనే ఉన్నారు. ఏజెంటుకు కట్టిన అప్పు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఇరుక్కుపోయిన పాస్‌పోర్టు, ఇళ్ళల్లో పనికి వచ్చిన అక్కలు, పెట్టెలో ఊరు చేరిన శవాలు. మన దగ్గర ఆ అనుభవం ఉన్నంత లోతుగా దాని గురించిన సాహిత్యం లేదు. ఆ లోటు తీర్చాల్సింది హైదరాబాద్‌లో కూచున్న కథకులు కాదు. వాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా, ఈ జీవితాన్ని లోపలి నుంచి చూసింది మీరు.

ఇప్పుడు వయసు సంగతి. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టారు. తెలుగు కథానికకు దారి తీసిన దిద్దుబాటు ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది 1910లో. అప్పటికాయనకు 47 ఏళ్ళు. ముత్యాల సరాలు కూడా ఆ ఏడాదిదే. అంతకు ముందు కన్యాశుల్కం తెచ్చినా, ఏళ్ళలో చాలా భాగం విజయనగరం సంస్థానం కొలువులో, రికార్డుల మధ్య, శాసనాల మధ్య గడిచింది. దాశరథి రంగాచార్యగారి మొదటి నవల చిల్లర దేవుళ్ళు నలభై దాటాకే వచ్చింది. నిజాం కాలం నాటి పల్లె, దొర గడీ, వెట్టి, అక్కడి జనం నోటి తెలుగు, ఏళ్ళ తరబడి ఆయన లోపల ఉన్నవన్నీ అందులో దిగాయి. కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు తొలి కథలు రాసి, కొన్నేళ్ళు పూర్తిగా మానేశారు. ఆ విరామం తర్వాత, నలభైల్లోకి అడుగుపెట్టే వయసులో వచ్చిందే యజ్ఞం కథ. పి.వి. నరసింహారావుగారి సొంత నవల ఇన్‌సైడర్ 1998లో వెలువడేనాటికి ఆయన డెబ్భయ్యయిదు దాటారు. ప్రధానమంత్రి పదవి కూడా అప్పటికి వెనకబడింది.

వీళ్ళందరికన్నా మన పాఠకుల పరిస్థితికి దగ్గరగా నాకు కనిపించేది సోమరాజు సుశీలగారు. రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేశారు, సొంతంగా పరిశ్రమ నడిపారు. నడివయసు దాటాక రాసిన ఇల్లేరమ్మ కథలతో పాఠకులకు ఆత్మీయులయ్యారు. నాకు ఇంకా ఎక్కువ నచ్చింది చిన్న పరిశ్రమలు పెద్ద కథలు. ఫ్యాక్టరీ పెట్టడమంటే ఏమిటి, బిల్లు రావాలంటే ఎన్ని గుమ్మాలు ఎక్కాలి, పనివాళ్ళతో, ఆఫీసుల్లో గుమస్తాలతో ఎలా నెగ్గుకురావాలి, ఇవన్నీ సాహిత్యానికి పనికొచ్చే వస్తువులని ఆవిడ రుజువు చేశారు. పాతికేళ్ళ కుర్రవాడు ఎంత ప్రతిభావంతుడైనా ఆ పుస్తకం రాయలేడు. ఆలస్యంగా మొదలుపెట్టేవారి పెట్టుబడి అది. మీ డ్యూటీ, మీ సైటు, మీ వార్డు, మీ వంటగది గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఏం రాయాలి

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. యాభయ్యేళ్ళ మనిషి కలం పట్టగానే జీవితకథ మొదలుపెడతాడు. పుట్టిన ఊరు, తాతల వంశం, బడి, కాలేజీ అన్నీ వరసగా. నలభై పేజీలు దాటేసరికి ఓపిక అయిపోతుంది. అది నోటుబుక్కులోనే ఆగిపోతుంది. దయచేసి జీవితకథతో మొదలుపెట్టకండి. ఒక రోజు రాయండి. ఒక మనిషి గురించి రాయండి. ఆరువందల నుంచి ఎనిమిదివందల మాటలు చాలు.

రెండో పొరపాటు పెద్ద మాటలు. మచ్చుకు, చాలామంది మొదటిసారి ఇలా రాస్తారు:

“గల్ఫ్ జీవితం ఒక ఎండమావి. ఇక్కడి కార్మికుల కష్టాలు వర్ణనాతీతం. కుటుంబానికి దూరంగా కన్నీళ్ళు దిగమింగుకుంటూ బతుకుతున్నారు.”

అబద్ధం ఏమీ లేదు ఇందులో. కానీ ఇది రాయడానికి బహ్రెయిన్‌లో ఉండనక్కరలేదు. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఉంది. సైటు మీద ఉన్న మనిషికి ఆ నాలుగు గంటలు తెలుసు. అక్కడి నుంచి మొదలుపెట్టి చూద్దాం. ఈ రాములన్న నేను ఉదాహరణకు కల్పించిన మనిషి:

“పన్నెండుకి పని ఆపి మమ్మల్ని బస్సులో కూచోబెట్టారు. నాలుగింటికి మళ్ళీ దింపుతారు. రాములన్న టిఫిన్ డబ్బా మూత తీసి, ముందు ఇంటికి ఫోన్ చేశాడు. ఏసీ రూములో ఉన్ననే అన్నాడు. బస్సులో ఏసీ నిజంగానే ఉంది. రూము ఒక్కటే లేదు.”

ఇందులో కష్టం అన్న మాటే లేదు. అయినా రాములన్న ఎవరో, ఇంటి దగ్గర ఆవిడ ఎవరో, వాళ్ళిద్దరి మధ్య ఏం నడుస్తోందో తెలిసిపోతోంది. రాయడంలో సగం పని ఇదే. ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో, చేతిలో ఏముందో చెప్పాలి. జాలిపడాలో, కోపం తెచ్చుకోవాలో చదివేవారికి వదిలెయ్యాలి.

అందుకే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోమంటాను. ఫోనులో అయినా సరే. అందులో భావాలు రాయకండి, వివరాలు రాయండి. ఆ రోజు డబ్బు పంపినప్పుడు దినారుకు ఎన్ని రూపాయలు వచ్చాయి. సూపర్‌వైజర్ ఏ భాషలో తిట్టాడు. కోల్డ్‌స్టోరు (వీధి కిరాణా కొట్టు) కుర్రాడు ఖాతాలో ఏ పేరు రాసుకున్నాడు. ఖుబ్బూస్ రొట్టెలో నంచుకోవడానికి ఆ రాత్రి గదిలో ఏం వండారు, వంతు ఎవరిది. వార్డులో ముసలాయన నర్సును ఏమని పిలిచాడు. ఇవి పదేళ్ళ తర్వాత, ఊళ్ళో వేపచెట్టు కింద కూచుని గుర్తు తెచ్చుకుందామంటే రావు. మనసు పెద్ద దుఃఖాలను గుర్తు పెట్టుకుంటుంది, పెద్ద సంతోషాలను గుర్తు పెట్టుకుంటుంది. రేట్లు, వాసనలు, మనుషుల యాస, సైటు బస్సు వచ్చే వేళ గుర్తు పెట్టుకోదు. కథ నిలబడేది వీటి మీదే.

ఏ తెలుగులో రాయాలన్న బెంగ కూడా చాలామందికి ఉంది. “నా తెలుగు తుప్పు పట్టింది” అంటారు. వాళ్ళకు ఇక్కడి ఒక కవి సంగతి చెబుతాను. మనామాలో ఇబ్రహీం అల్ అరయ్యద్ అనే కవి ఇల్లు ఇప్పుడు కవితాగృహంగా ఉంది. ఆయన 1908లో బొంబాయిలో పుట్టాడు, చిన్నతనం అక్కడే గడిచింది. ఉర్దూ బాగా వచ్చు. అరబ్బీ గట్టిగా నేర్చుకున్నది బహ్రెయిన్ వచ్చాకే. తర్వాత ఈ దేశపు పెద్దకవుల్లో ఒకడయ్యాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను అరబ్బీలోకి తెచ్చాడు. పరాయి గడ్డ మీద పెరిగి, తండ్రి భాషను తర్వాత సాధించిన మనిషి ఆయన. మీకు తెలుగు పుట్టుకతోనే వచ్చు. తుప్పు వదలడానికి రోజుకు నాలుగు పేజీలు మంచి తెలుగు వచనం చదివితే చాలు. గట్టిగా, పైకి చదవాలి.

మీ ఊరి మాటను వదలొద్దు. కరీంనగర్ మనిషి కరీంనగర్ తెలుగులోనే మాట్లాడాలి. కడప ఆవిడ కడప ఆవిడలాగే మాట్లాడాలి. ఇక్కడి మన మాటల్లో హిందీ ఉంది, మలయాళం ఉంది, యల్లా, ఖలాస్, మాఫీ ఉన్నాయి. వాటిని తెలుగు లిపిలో ఉన్నవున్నట్టు పెట్టండి. సందర్భంలో అర్థమవుతాయి.

ఎప్పుడు, ఎక్కడ

ఇండియా కన్నా మనం రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇంటి దగ్గర పదకొండు. ఆ వేళకు ఊళ్ళో అందరూ పడుకుంటారు. ఫోన్లు ఆగిపోతాయి, వాట్సాప్ మోగదు. పగటి డ్యూటీ మనిషికి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఉన్న ఆ గంట ఎవరూ అడగని గంట. నేను చూసినంతలో చాలామంది దాన్ని రీల్స్‌కు ఇచ్చేస్తున్నారు. వారంలో నాలుగు రాత్రులు దాన్ని రాతకు కేటాయించండి, ఏడు రాత్రులు వద్దు. రెండు రోజులు తప్పినా మానేయకుండా ఉండాలంటే లెక్కలో కాస్త వెసులుబాటు ఉండాలి. శుక్రవారం ఉదయం, వంట మొదలయ్యే లోపల ఇంకో గంట దొరుకుతుంది. బడి సెలవులకు జూలై, ఆగస్టుల్లో భార్యాపిల్లలు ఊరికి వెళ్ళిన ఉద్యోగులకు అయితే ఆ రెండు నెలలూ రాతకాలమే.

చోటు దొరకదన్నది నిజమైన ఇబ్బందే. ఒక గదిలో నలుగురుంటే బల్ల ఉండదు. బంకు మంచం పైన పడుకుని ఫోనులో రాయండి. గూగుల్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే అక్షరాలు పేరుస్తుంది. కామాలు, ఫుల్‌స్టాపులు ఉండవు. మీ యాసను అప్పుడప్పుడు వేరే మాటగా వింటుంది. తర్వాత దిద్దుకోవచ్చు. రాయడం కష్టంగా ఉన్నా చెప్పడం బాగా వచ్చినవారికి ఇది పెద్ద వరం. న్యూయార్క్ బడిపంతులు ఫ్రాంక్ మెకోర్ట్ ఐర్లండులో తన బీద బాల్యం గురించి ఏళ్ళ తరబడి క్లాసులో పిల్లలకు చెబుతూ వచ్చాడు. రిటైరయ్యాక అదే ఏంజెలాస్ యాషెస్ అనే పుస్తకమైంది. 1996లో అది వచ్చేనాటికి ఆయనకు 66. నోటితో బాగా చెప్పగలిగినవారు రాయలేరన్న భయం పెట్టుకోవద్దు.

కసరత్తు కూడా ఒకటి చెబుతాను. 1932లో అమెరికాలో ఒక చమురు కంపెనీ పెద్ద ఉద్యోగి, 44 ఏళ్ళ రేమండ్ చాండ్లర్, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కథలు రాసి బతుకుదామనుకున్నాడు. రాయడం ఎలా? తనకు నచ్చిన ఒక కథ తీసుకుని, అందులో జరిగేదంతా పొడిపొడిగా రాసుకుని, పుస్తకం మూసేసి, ఆ కథను మళ్ళీ తన మాటల్లో రాశాడు. తర్వాత అసలు కథ తెరిచి పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తను ఎక్కడ తేలిపోయాడో కనిపించింది. 1933లో మొదటి కథ అచ్చయింది. మొదటి నవల బిగ్ స్లీప్ 1939లో, యాభయ్యో ఏట వచ్చింది. మీరు ఇష్టపడే కథ ఏదైనా, కారా మాస్టారిది కావచ్చు, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిది కావచ్చు, ఇలా చేసి చూడండి. అచ్చుకు పంపడానికి కాదు, మీ చేతికి పని నేర్పడానికి. ఆరు నెలలు క్లాసులో కూచున్నా రానిది నాలుగు కథలతో వస్తుంది.

ఫోనులో చెప్పని మాటలు

గల్ఫ్‌లో ఉన్నవారికి రాతలో ఎదురయ్యే అసలు అడ్డంకి తీరిక కాదు, భాష కాదు. ఇన్నాళ్ళూ ఇంటికి దాచిన నిజం. జీతం ఆగిన మూడు నెలలూ “బాగానే ఉన్న” అని చెప్పాం. చేతికి కుట్లు పడ్డ సంగతి చెప్పలేదు. తండ్రి పోతే వెళ్ళలేకపోయినప్పుడు టికెట్ దొరకలేదన్నాం, లీవు ఇవ్వలేదని చెప్పలేదు. అమ్మకు, ఆలికి, పిల్లలకు ఒక బహ్రెయిన్‌ను కట్టి చూపించాం. ఇప్పుడు రాస్తే అది కూలిపోతుంది. ఊరికి వెళ్ళాక రాద్దామన్న వాయిదా వెనక చాలామందిలో ఉన్న భయం ఇదేనని నా నమ్మకం. ఊరికి వెళ్ళాక ఆ భయం తగ్గుతుందా? పెరుగుతుంది. అక్కడ ఆ కట్టిన బహ్రెయిన్ పేరు మీదే ఇల్లు లేచింది, సంబంధాలు కుదిరాయి. నలుగురిలో దాన్ని కాదనడం ఇంకా కష్టమవుతుంది.

నేనిచ్చే సలహా రెండు మెట్లుగా ఉంటుంది. ముందు ఎవరికీ చూపించనని తీర్మానించుకుని, ఉన్నదంతా రాయండి. ఆ పేజీలు మీవి. తర్వాత, కొంతకాలం పోయాక, అందులో ఏది లోకానికి, ఏది ఇంటికి, ఏది మీకే అని విడదీయండి. లోకానికి ఇవ్వాలనుకున్నదాన్ని కథగా మార్చండి. పేరు మార్చండి, ఊరు మార్చండి, అవసరమైతే మగవాణ్ణి ఆడమనిషిని చేయండి. బెన్యామిన్ కూడా నజీబ్ జీవితచరిత్ర రాయలేదు, నవల రాశాడు. అచ్చుకు పంపే ముందు మాత్రం ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించండి. పత్రికలో చూసి తెలుసుకోవాల్సిన విషయం కాదది. నిజం విన్న భార్య, విన్న కొడుకు మీ గురించి తక్కువగా అనుకుంటారని భయపడకండి. తమకు డబ్బులు ఎలా వచ్చాయో తెలిసిన పిల్లలు ఆ డబ్బును వేరే కళ్ళతో చూస్తారు.

ఇతరుల బతుకుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పక్క మంచం మనిషి నమ్మి చెప్పిన కథను అడగకుండా వాడుకోకూడదు. ఆయన ఒప్పుకున్నా గుర్తుపట్టేలా రాయకూడదు, ఎందుకంటే ఆయన వీసా ఇంకా ఇక్కడే ఉంది. కంపెనీ పేరు, యజమాని పేరు, ఆసుపత్రి పేరు రాతలో వద్దు. కోపంతో రాసినదాన్ని ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. ఇక్కడ ఉద్యోగం చేస్తూ రాసేవారు ఈ దేశపు చట్టాలకు లోబడి ఉంటారు. మనిషిని నిందించే రాతకు, మనిషి బతుకును చూపించే రాతకు తేడా ఉంది. రెండోది చాలాకాలం నిలుస్తుంది.

దిద్దడం, వినిపించడం, పంపడం

రాసినదాన్ని వారం పాటు తెరవొద్దు. తర్వాత పైకి చదవండి. నాలుక తట్టుకున్న చోట వాక్యం బాగాలేదని అర్థం. మొదటి పేరా తీసేసి చూడండి. కొత్తగా రాసేవారి కథ చాలాసార్లు రెండో పేరాలో మొదలవుతుంది. చివరి పేరాలో నీతి చెప్పి ఉంటే అదీ తీసేయండి. దిద్దడానికి సిగ్గుపడే పని లేదు. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని గురజాడ మళ్ళీ మొదటి నుంచి తిరగరాసి 1909లో తెచ్చారు. మనం ఇవాళ చదివేది, నాటకంగా చూసేది ఆ రెండో కన్యాశుల్కమే.

వినేవాళ్ళు కూడా కావాలి. ఈ విషయంలో మలయాళీలను చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సెగయాలో ఉన్న బహ్రెయిన్ కేరళీయ సమాజం 1947 నుంచి నడుస్తోంది. గ్రంథాలయం, నాటకం, సాహిత్య చర్చలు వాళ్ళకు పండగల్లాగే మామూలు. బెన్యామిన్ లాంటివాడు ఇక్కడి నుంచి రావడం వెనక ఆ చదివే అలవాటు ఉన్న సమాజం కూడా ఉంది. మనకూ ఇక్కడ తెలుగు కళా సమితి ఉంది. ఉగాదికి పాటలు, డ్యాన్సులు, పంచాంగ శ్రవణం ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య పది నిమిషాలు మన సభ్యుల్లో ఒకరు రాసిన కథ చదవడానికి ఇమ్మని నిర్వాహకులను అడగండి. అంతదాకా కూడా ఆగనక్కరలేదు. నెలకొక శుక్రవారం అయిదుగురు ఒక ఫ్లాటులో కూచుని, ఒకరు చదివితే నలుగురు వినడం చాలు. విన్నవాళ్ళను “ఎలా ఉంది?” అని అడగొద్దు. బాగుందంటారు. “ఎక్కడ అర్థం కాలేదు? ఎక్కడ విసుగేసింది?” అని అడగండి.

ఇంత చిన్న చోట కూచుని రాస్తే ఎవరు చదువుతారన్న సందేహం వద్దు. ఈ మహూజ్ ప్రాంతంలోనే పదమూడో శతాబ్దపు పండితుడు షేక్ మైథం అల్ బహ్రానీ సమాధి, మసీదు ఉన్నాయి. ఈ చిన్న ద్వీపపు మనిషి నహ్జుల్ బలాఘా అనే గ్రంథానికి రాసిన వ్యాఖ్యానాన్ని ఏడువందల ఏళ్ళు దాటినా దేశదేశాల్లో చదువుతున్నారు. అటుగా వెళ్ళినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది. రాత పుట్టడానికి పెద్ద నగరం అక్కర్లేదు.

పంపడం గురించి క్లుప్తంగా చెబుతాను. ఏ పత్రికకు పంపదలిచారో దాని మూడు నాలుగు సంచికలు ముందు చదవండి. యూనికోడ్‌లో టైపు చేసి, ఒక కథ ఒకేసారి ఒక్క పత్రికకే పంపండి. 1998 నుంచి నడుస్తున్న ఈమాట లాంటి పత్రికల్లో సమీక్షకులు చదివి సూచనలు చెబుతారు. ఆ సూచనలు మీకు దొరికే ఉచిత పాఠాలు. తిరిగి వస్తే దిద్ది ఇంకో చోటికి పంపండి. డబ్బులు తీసుకుని పుస్తకం వేస్తామనే వాళ్ళ జోలికి తొందరపడి వెళ్ళొద్దు. పది కథలైనా పత్రికల్లో వచ్చాక పుస్తకం సంగతి ఆలోచించవచ్చు. తెలుగు రాతతో ఇల్లు గడవదు. ఉద్యోగం ఉద్యోగంలాగే ఉండనివ్వండి.

మీ కథ మొదటిసారి అచ్చయిన రోజున ఒక పని తప్పకుండా చేయండి. తెలుగు కథలన్నీ ఒకచోట భద్రంగా ఉండాలని కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. ఆ పత్రిక ప్రతి ఒకటి అక్కడికి పంపండి. యాభై ఏళ్ళ తర్వాత గల్ఫ్‌లో తెలుగువాళ్ళు ఎలా బతికారని ఎవరైనా అక్కడ వెతికితే, మహూజ్ నుంచి, ముహర్రక్ నుంచి, సల్మాబాద్ కార్మికుల క్యాంపుల నుంచి మీరు రాసింది వాళ్ళకు దొరకాలి. ఈ శుక్రవారమే మొదలుపెట్టండి.